కరుచుకున్న పిన్ను

“ఈ బుష్షు ఈ బండిది కాదు.”

ప్రమీల ఆ మాట అంటూనే ప్లాస్టిక్ కవరు సీలు మీద గోరు పెట్టింది. సీఐ భాస్కర్ ఒక్క అంగలో వచ్చి కవరు లాగేసుకున్నాడు.

“ఓ మేడమ్! ఇది కేసు ప్రాపర్టీ. మీ ఇంట్ల ఉల్లిగడ్డల కవరు గాదు.”

“అయితే మీరే విప్పుండ్రి సీఐ సాబ్. ఇక్కడ విప్పుతరా, సాయంత్రం మేజిస్ట్రేట్ ముందల విప్పమంటరా? నాకు ఎక్కడైనా ఒకటే. నవ్వేటోళ్లు మాత్రం అక్కడ ఎక్కువుంటరు.”

భాస్కర్ దవడ బిగించాడు. ఈ ఆడమనిషి ఖమ్మం నుంచి దిగినప్పటి నుంచీ అతనికి ఒళ్లు మండుతూనే ఉంది.

ప్రమీల ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది కానీ, అంతకు ముందు చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున తిరిగింది. విరిగిన క్రేన్లు, తగలబడ్డ లారీలు, వాటి కింద నలిగిన మనుషులు, ఇదే ఆమె పని. విరిగిన ఇనుమును చూసి ఎవరు అబద్ధం చెప్తున్నారో చెప్పగలదని పేరు. మనుషుల మీద జాలి మాత్రం ఆ పనిలోనే ఎక్కడో జారిపోయిందని ఆమె దగ్గర పనిచేసిన వాళ్లు అంటారు. అది నిజమే.

టేకులపల్లి అడవి అంచున జామాయిల్ దుంగల యార్డు అది. దుంగల్ని పంజాతో పట్టి లారీలకెత్తే గ్రాబ్ బండ్లు రెండున్నాయి. మొన్న పొద్దున ఒకటో బండి బూమ్, అంటే ఆ పంజాను మోసే పెద్ద ఇనప చెయ్యి, మొదలంటా ఊడి కిందపడింది. దాని కింద గ్రీజు కొడుతున్న మోతీ అక్కడికక్కడే పోయాడు. పెళ్లి కూడా కాని కుర్రాడు. బండి నడుపుతున్నది బిచ్యా. మోతీకి సొంత బావ.

పోలీసులు బిచ్యాను పట్టుకెళ్లారు. గ్రీజు పట్టించకుండా బండి నడిపాడు, బుష్షు ఎండి, బూమ్‌ను బండికి పట్టి ఉంచే పిన్ను ఊడింది, ఊడుతుందని తెలిసే మనిషిని కిందికి పంపాడు. ఇదీ భాస్కర్ కట్టిన కేసు. సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడితే బెయిలు కూడా రాదు. బిచ్యా పెళ్లాం సోని నిన్న ఖమ్మం వచ్చి ప్రమీల కాళ్ల దగ్గర కూర్చుంది. “తమ్ముడు పోయిండమ్మా. మొగుడన్నా మిగలాలె” అని ఒక్కటే మాట. ఇప్పుడు యార్డు గేటు దగ్గర, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

భాస్కర్ కవరు విప్పాడు. పసుపు రంగు లోహపు గొట్టం ముక్క, జానెడు పొడవు. పిన్ను చుట్టూ తొడిగే గన్‌మెటల్ బుష్షు. ప్రమీల దాన్ని ఎండకు పట్టి, లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

“మీరు గూడ పెట్టుండ్రి వేలు.”

“నేను మెకానిక్కునా?”

“వేలుంది గదా. పెట్టుండ్రి.”

పెట్టాడు.

“ఎట్లుంది?”

“నున్నగుంది. అరిగింది.”

“ఏ పక్క అరిగింది?”

“అన్ని పక్కల అరిగింది. చుట్టూత సమానంగ.”

“గదే మీ కేసును మింగింది” అంది ప్రమీల. “మీ ఇంటి తలుపు బందు చూసిండ్రా ఎప్పుడన్న? గిర్రున తిరగదు. కొంచెం అటు, కొంచెం ఇటు. ఈ బూమ్ గూడ అంతే. లేస్తది, దిగుతది. బరువు ఎప్పుడూ ఒకే దిక్కుకెళ్లి పడుతది. అసుంటి జాగల పెట్టిన బుష్షు ఒక్క దిక్కే తింటది, నెలవంక లెక్క. ఇది చుట్టూత సమానంగ అరిగిందంటే పుల్లీలకెళ్లి పీకిన బుష్షు. పుల్లీతోటి బుష్షు గూడ తిరుగుతది. అన్ని దిక్కులు వంతులేసుకొని బరువు మోస్తయ్.”

భాస్కర్ బుష్షును మళ్లీ చూశాడు. ఒప్పుకోవడం అతని ఒంట్లో లేదు.

“ఇది మీ థియరీ.”

“థియరీ అక్కడ పడుంది, రండ్రి.”

ఊడిన పిన్ను టార్పాలిన్ మీద ఉంది. మనిషి ముంజేయంత లావు. ఎత్తడానికి ఇద్దరు కావాలి. దాని మీద మోతీ నెత్తురు ఎండి నల్లగా అట్ట కట్టింది. ప్రమీల గోటితో ఆ పొలుసు గీకి పారేసింది. కొబ్బరి పీచు తీసినంత మామూలుగా. గేటు దగ్గర సోని మొహం తిప్పుకుంది.

“చూడుండ్రి సాబ్. ఒక్క దిక్కే గీరుకుపోయింది. లోహం చీలికలు చీలికలుగ లేచింది, నీలం రంగు తిరిగింది. గన్‌మెటల్ రుద్దితే పిన్నుకు పసుపు అంటుతది. ఏది పసుపు? చుక్క గూడ లేదు. దీని మీద రుద్దింది ఇనుము. మెత్త ఇనుము.” చేతులు దులుపుకుంది. “మీకు గన్‌మెటల్ బుష్షు తెచ్చిచ్చింది ఎవరు?”

భాస్కర్ కళ్లు ఆఫీసు రేకుల షెడ్డు వైపు పోయాయి. అక్కడ నీడలో నాగచైతన్య నిలబడి ఉన్నాడు. యార్డు సూపర్‌వైజరు. ఓనరు వెంకటరామారావుకు మేనల్లుడు. సత్తుపల్లి వాళ్లు. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు.

“సార్ గారూ, జెర ఇట్ల రండ్రి” అని పిలిచింది ప్రమీల.

“చెప్పండి మేడమ్.”

“మోతీ పోయినప్పుడు ఏడున్నవ్?”

“ఆఫీసులో ఉన్నానండి. టీ తాగుతున్నా. చప్పుడు వినబడి పరిగెత్తా.”

“అంతకు ముందు ఏం చప్పుడు రాలేదా?”

“అంటే?”

“బూమ్ లేపినప్పుడల్లా అరుపు. పంది పీక కోస్తున్నట్టు. ఆ దుంగల కాడున్న కూలీలందరు ఒకటే చెప్తున్నరు. మూడు దినాలు అరిచిందట. నీ చెవులు ఇంట్లో పెట్టొచ్చినవా?”

నాగచైతన్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అరుస్తుందని బిచ్యా చెప్పాడండి. గ్రీజు ఎక్కువ కొట్టించమన్నా.”

“ఎట్ల కొడతరు మీ యార్డుల గ్రీజు?”

“బూమ్ కొంచెం లేపి ఊపుతాడండి ఆపరేటరు. కింద నుంచి మోతీ గన్ను కొడతాడు. ఊపకపోతే లోపలికి పోదండి. మొదట్నించీ ఇక్కడ అందరూ అలాగే చేస్తారు.”

“గ్రాబ్‌ను నేల మీద ఆనిచ్చి, బరువు దించి కొడితే పోతది. మనిషి గూడ బతుకుతడు. జల్దీగ లోడు పోవాలని మీరు మనిషిని బూమ్ కింద పెట్టి ఊపుతరు.” ఆమె గొంతు పెంచలేదు. “సరే, మీ రివాజు మీది. రెండో బండి మంచిదేనా?”

“మంచిదేనండి. రెండు బండ్లకీ ఒకేసారి బుష్షులు మార్చాం, మొన్న వానలకి ముందే.”

“అయితే పోయి దాని కింద నిల్చో.”

నాగచైతన్య నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడంతో ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

“జోకా అండీ?”

“సీఐ సాబ్, మీ సాక్షి బండి మంచిదంటుండు. నేనేం తప్పు అడిగిన?”

భాస్కర్‌కు ఈ తమాషా నచ్చలేదు. కానీ నాగచైతన్య మొహంలో రంగు దిగిపోవడం అతనూ చూశాడు. పోలీసు బుద్ధి ఊరుకోదు.

“నిల్చోవయ్యా, ఏమైతది?” అన్నాడు.

రెండో బండి పని మీదే ఉంది. ఆపరేటరు రాందాస్ దుంగల కట్టను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. బూమ్ కింద ఇద్దరు ఆడకూలీలు బెరడు ఊడుస్తున్నారు. ప్రమీల వాళ్లను పక్కకు రమ్మని చెయ్యి ఊపింది. ఒకామె చీపురు చంకలో పెట్టుకుని ఏమైందో అర్థంకాక అక్కడే నిలబడింది.

మధ్యాహ్నపు ఎండ. బూమ్ నీడ నేల మీద గీత గీసినట్టు పడింది. నాగచైతన్య ఆ నీడ దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. చెప్పు ముందుకు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

“నీడ కాలుతదా?” అంది ప్రమీల.

“మేడమ్, సేఫ్టీ రూల్సు ఒప్పుకోవండి...”

“వాళ్లిద్దరికీ లేవా రూల్సు? రాందాస్, కొంచెం ఊపు. గ్రీజు కొట్టేటప్పుడు ఊపినట్టే.”

రాందాస్ లివరు తాకాడు. బూమ్ కదిలింది. మామూలు కిర్రుమనే చప్పుడు వచ్చింది, అంతే. నాగచైతన్య వెనక్కి గెంతి, దుంగ తట్టుకుని బురదలో వెల్లకిలా పడ్డాడు. ఇస్త్రీ చొక్కా, అద్దాలు అన్నీ బురదలో కలిశాయి. చీపురు పట్టుకున్న ఆడమనిషి ముందుకొచ్చింది.

“రెండు దినాల సంది మమ్మల్ని దీని కిందనే ఊడ్పిస్తున్నవ్ గద సారూ” అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ప్రమీల అతని మీదికి వంగింది.

“ఇప్పుడు విను. ఒకటో బండిల ఏ బుష్షు ఉండెనో నీకు తెలుసు. రెండో దాంట్ల గూడ అదే ఉందేమోనని నీకు భయం. ఆ భయం పెట్టుకొనే వీళ్లను కిందికి తోలినవ్. అసలు బుష్షు ఏడుంది? చెప్పకపోతే నిన్ను దీని కిందనే కట్టేసి రాందాస్‌ను పొద్దుమూకేదాక ఊపమంట. సీఐ సాబ్ టీ తాగనీకి పోతడు.”

భాస్కర్ కాదనలేదు.

నాగచైతన్య లేచాడు. షెడ్డు వెనక తడి బెరడు గుట్ట ఉంది, మనిషి ఎత్తు. పారతో తవ్వబోతే ప్రమీల వద్దంది. “చేతులతోటి” అంది. అతను మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. వేళ్లు చీరుకున్నాయి. చివరికి రెండు ముక్కలు బయటికొచ్చాయి. పైపు నుంచి కోసిన ఇనప బుష్షు, నిలువునా పగిలింది. లోపల ఒక దిక్కు మాత్రం నెలవంకలా గీరుకుపోయి నీలంగా ఉంది.

ప్రమీల ఆ ముక్కను తెచ్చి పిన్ను మీద గాయానికి ఆనించింది. గీత మీద గీత కూర్చుంది.

“ఇదీ మోతీని చంపింది” అంది. “ఒకే తీరు మెత్త ఇనుము రెండు, ఇంత బరువు కింద మెల్లగ అటూ ఇటూ రుద్దుకుంటే ఒకదాన్నొకటి కరుచుకుంటయ్. గిర్రున తిరిగే షాఫ్టయితే గ్రీజును తనే లోపలికి లాక్కుంటది. ఇది ఊగుతది అంతే. బరువు పడ్డ జాగల గ్రీజు నిలవదు. కరుచుకున్నంక పిన్ను బూమ్‌తోటి కలిసి తిరుగుతది, పిన్ను తిరగకుండ పట్టుకునే లాక్ ప్లేటు బోల్టు తెగుతది, పిన్ను పక్కకు జరుగుతది. తర్వాత సంగతి మీరు పోస్ట్‌మార్టంల చూసిండ్రు.”

“గంత సంగతుంటే నైలాన్‌దో, ఇంకోటో ఏస్తే అయిపాయె గద” అన్నాడు భాస్కర్, ఏదో ఒకటి అనాలని.

“నైలాన్ పనికిరాదండి” అన్నాడు నాగచైతన్య, అలవాటుకొద్దీ. “ఈ వానలకి ఉబ్బి పిన్నును పట్టేస్తుంది. ఇత్తడి ఇంత బరువుకి నలిగిపోతుంది. గట్టి ఉక్కు బుష్షు వెయ్యొచ్చు, కానీ పిన్ను కూడా అంత గట్టిది కావాలి. అందుకే నేను గన్‌మెటలే...”

ఆగాడు. ప్రమీల పళ్లు కనిపించాయి. అది నవ్వు అని అతనికి అర్థమయ్యేలోపే ఆలస్యమైంది.

“భలే చెప్పినవ్. ఏది ఎందుకు ఎయ్యాల్నో ఇంత తెలిసినోనివి. అయినా పైపు ముక్క ఏసినవ్.”

“నేను వెయ్యలేదండి! రెండు గన్‌మెటల్ ముక్కలు నా చేతులతో బిచ్యాకి ఇచ్చాను. ఇక్కడ ఆపరేటర్లే లేత్ షాపుకి తీసుకెళ్లి కోయించుకొస్తారు. నేను మళ్లీ చూడలేదు, అది నా తప్పే. బూమ్ పడ్డాక చూస్తే లోపల ఇనుము. వాడు గన్‌మెటల్ అమ్ముకుని పైపు వేశాడనుకున్నా. అది బయటపడితే నా మీదికి, మామయ్య మీదికి వస్తుంది. అందుకే పాత పుల్లీ బుష్షు పెట్టాను. అంతేనండి, మా అమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మను మధ్యలకు తేకు. బుష్షు మార్చినోడు, దాచినోడు, కూలీలను చావుకు తోలినోడు. ఇన్ని చేసినోనికి ఇంకొకటి కష్టమా? గన్‌మెటల్ నువ్వే మింగినవ్. బిచ్యాకు పైపు ముక్క ఇచ్చి దీన్నే కోయించుకొని రమ్మన్నవ్.”

“కాదండి!”

“కోర్టుల చెప్పు.”

ఆమె భాస్కర్‌ను పక్కకు తీసుకెళ్లింది.

“మీరు సీలేసిన బుష్షు నకిలీది. మీకిచ్చినోడు దొంగ. ఇయ్యాళ సాయంత్రం బిచ్యాను రిమాండుకు పెడితే నేనొచ్చి ఆ బుష్షుల మేజిస్ట్రేట్‌తోటి వేలు పెట్టిస్త. ఏమంటరు?”

“నీకు నోరు బాగ లేచింది ప్రమీలా.”

“మేడమ్ పోయిందా? మంచిదే. ఫోన్ చెయ్యుండ్రి.”

“సాయంత్రం దాక ఆగుదాం. లేత్ షాపాయన రానియ్యి. పిలిపించినవ్ గద?”

“పొద్దున్నే పిలిపించిన. ఆయన నా సాక్షి, మీకేం పని? బిచ్యా లోపటున్న ప్రతి గంట మీ నెత్తి మీదికొస్తది. ఇప్పుడే చెయ్యుండ్రి.”

భాస్కర్ స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. “బిచ్యాతోటి సంతకం తీసుకొని పంపియ్యి. అవ్, ఇప్పుడే. పిలిస్తే రావాలని చెప్పు.” పెట్టేసి అన్నాడు, “గెలిచినవ్. సంతోషమా?”

“సంతోషం నాకెందుకు?” అంది కానీ, సంతోషంగానే ఉంది. గేటు దాకా నడిచింది. “సోనీ, నీ మొగుడిని ఇడిచిపెట్టిండ్రు.”

సోని కొంగు నోట్లో నుంచి తీసింది.

“ఇప్పుడేనా అమ్మా?”

“ఇప్పుడే. తండాకు పోతడు.”

సోని గేటు స్తంభానికి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఏడుపొచ్చేంత ఆనందం అనుకుంది ప్రమీల. మనుషుల మొహాలు చదవడంలో ఆమె ఇనుముతో ఉన్నంత చురుకు కాదు.

నాగచైతన్య వాంగ్మూలం రాయించేసరికి గంట దాటింది. అప్పుడొచ్చాడు లేత్ షాపు పగిడయ్య. పాత మోటారు సైకిలు, వెనక క్యారియరుకు తాడుతో కట్టిన గోనెసంచి.

“ఆలస్యమైంది మేడమ్. రానా వద్దా అని ఆలోచన చేసిన.”

“వచ్చినవ్ గద. ఈ బుష్షు నువ్వు కోసిందేనా?”

పగిడయ్య పగిలిన ముక్కలు చూశాడు. ముట్టుకోలేదు.

“నాదే. నా చేతి పనే.”

“పైపు ముక్క ఎవరు తెచ్చిండ్రు? ఈ సారేనా పంపింది?”

“పైపు నాదే మేడమ్, షాపుల పడున్నది. బిచ్యా రెండు గన్‌మెటల్ ముక్కలు తెచ్చిండు.”

నాగచైతన్య బురద మొహంతో లేచి నిలబడ్డాడు. “చెప్పానా అండీ? చెప్పానా?”

“నువ్వు కూసో” అన్నాడు భాస్కర్. అతని గొంతులో ఏదో కొత్త ఉత్సాహం. “చెప్పు పగిడయ్యా. అమ్ముకున్నడా?”

“ఒకటి రెండో బండికి కోసిన సార్. మంచిగ, గ్రీజు గాడి గూడ తీసిన. ఇంకొకటి లేత్‌కు పట్టిస్తుంటే ఆపిండు. ‘ఆగన్నా, ఒకటో బండికి మెత్త ఇనుము పైపు కొయ్యి’ అన్నడు. నేను వద్దన్న. పిన్ను గూడ మెత్త ఇనుమే, కరుస్తదన్న. బండిని పాతినుము గుజిరీకి ఏస్తున్నరు, కొన్ని దినాలు నడిస్తే చాలన్నడు. సరే అని కోసిన. నాదే తప్పు.”

“మిగిలిన గన్‌మెటల్ ఎవరికమ్మిండు?”

పగిడయ్య గోనెసంచి విప్పాడు. పసుపు కడ్డీ ముక్క, చెక్కు చెదరకుండా ఉంది. టార్పాలిన్ మీద పెడితే బరువుగా దొప్పుమంది.

“అమ్ముకునేటోడైతే తీస్కపోవాలె గద సార్. నా దగ్గర్నే ఇడిచిపెట్టిపోయిండు. తీస్కపో అని ఫోన్ గూడ చేసిన. నాకొద్దు, నువ్వే ఉంచుకో అన్నడు.”

రాందాస్ ఎప్పుడో ఇంజను ఆపేశాడు.

ప్రమీల ఆ కడ్డీని చూస్తూ నిలబడింది. గన్‌మెటల్‌కు ఆశపడినవాడు రెండూ అమ్ముకుంటాడు. వీడు ఒక్కటీ అమ్ముకోలేదు. రెండో బండికి మంచి బుష్షే వేశాడు. మోతీ గ్రీజు కొట్టే బండికి మాత్రం పైపు వేశాడు.

“ఇంకేమడిగిండు నిన్ను?” అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

పగిడయ్య తల వంచుకున్నాడు.

“కరిస్తే ఏమైతదని అడిగిండు మేడమ్. ముందు అరుస్తది, తర్వాత బోల్టు తెగుతది, పిన్ను జరుగుతది, ఊపితే ఊడుతది అని చెప్పిన. గప్పుడు నాకేం అనిపియ్యలే. చాయ్ తాగుకుంట అడిగిండు, ‘అరుపు మొదలైనంక ఎన్ని దినాలు పడుతదన్నా?’ అని.”

మూడు రోజులు అరిచింది బండి. మూడు రోజులూ బిచ్యా సీట్లో కూర్చుని ఆ అరుపు విన్నాడు. మూడు రోజులూ పొద్దున్నే మోతీని కిందికి పంపి, బూమ్ ఊపి చూశాడు. ఊడిందా, ఊడలేదా అని. అరుస్తుందని సూపర్‌వైజరుకు చెప్పింది కూడా వాడే. మోతీ ఇంకా ఎక్కువసేపు కింద ఉండాలని.

భాస్కర్ జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు. “వాడు గ్రీజు పట్టియ్యలేదని నేను కేసు పెట్టిన” అన్నాడు మెల్లగా. “ఏదో ఒక సాకుతోటి లోపలన్నా పెట్టిన. నువ్వు బయటికి తీసినవ్.”

ప్రమీల వినిపించుకోలేదు. గేటు దగ్గరికి పోయి సోని జుట్టు పట్టినంత పని చేసి మొహం పైకెత్తింది.

“నీ మొగుడికి నీ తమ్మునితోటి ఏం పగ?”

సోని కళ్లల్లో నీళ్లు లేవు.

“పగ లేదమ్మా. నన్ను కొడుతడు. కాల్చిండు గూడ. వానలకు ముందల్నే మోతీ అడ్డమొచ్చిండు. తండా పెద్ద నాయక్ ముందల పంచాయతి పెట్టిస్త, అక్కను ఇడిపిచ్చుకపోత అన్నడు. ఈ ఐతారం కూసుందురు పంచాయతిల.”

“నిన్న ఎందుకు చెప్పలే?”

“బూమ్ దానంతట అదే పడ్డదనుకున్న. దేవుడు తీస్కపోయిండనుకున్న. తమ్ముడు లేకపోతే పంచాయతి ఎవరు పెడతరు? ఇంక కొట్టినా పడుండాలె గద. బిచ్యా జైలుకు పోతే వాళ్ల అన్నలు మమ్మల్ని బతకనియ్యరు. అందుకే నీ దగ్గరికొచ్చిన.” ఊపిరి తీసుకుంది. “ఇడిచిపెట్టిండ్రంటే ఒక్కసారిగ భయమైంది. ఎందుకో నాకే తెల్వలే.”

“మోతీ పోయిండు గదా. ఇంక బిచ్యా ఎవరి జోలికి పోతడు?”

సోని తల అడ్డంగా ఊపింది.

“నాయక్ ఇంటికి పోయి పంచాయతి పిలిపించింది మోతీ గాదమ్మా. మా అమ్మ. ఆడమనిషి పోయిందంటే బిచ్యా ఊకోడని, తనే పిలిపించిన అని మోతీ మీదేసుకున్నడు. బిచ్యాకు తెల్వదు.”

వెనక నుంచి భాస్కర్ కేక. ఫోన్ చెవి దగ్గర ఉంది. “వాడు పోయి గంట దాటిందట! తండా పక్కనే గదా స్టేషన్‌కు. జీపు తియ్యండ్రా!”

“మీ అమ్మ ఏడుంది?” అంది ప్రమీల.

“ఇంట్ల. ఒక్కతే. మూడో దినం గదా, వచ్చినోళ్లు పొద్దున్నే పోయిండ్రు.”

సోని చేతిలో ఫోన్ మోగింది. తెర మీద బిచ్యా పేరు. ప్రమీల లాక్కుని స్పీకరు నొక్కి, సోని నోటి దగ్గర పెట్టింది. మాట్లాడమని కళ్లతోనే చెప్పింది. సోని నోరు తెరిచేలోపే బిచ్యా అందుకున్నాడు.

“సోనీ?” బిచ్యా గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “బయటికొచ్చిన. అత్త కాడున్న. అన్నం పెట్టింది, తిన్న. పాపం, కొడుకును తలుసుకొని ఏడుస్తుంది.”

జీపు ఇంజను అందుకుంది. తండాకు అడవి దారి, అరగంట.

“సోనీ, ఇంటున్నవా? ఒక్క సంగతి మనసుల గెలుకుతుంది. పంచాయతి పిలిచినందుకు మోతీకి గట్లయిందని నేనంటే, అత్త నా దిక్కు ఒకతీరుగ చూసింది. ఫోన్ దగ్గర పెడుతున్న. నువ్వు గూడ ఇను.” అవతల మంచం కిర్రుమంది. “అత్తమ్మా, ఇట్లొచ్చి నా పక్కన కూసో. ఏడ్వకు. నాయక్ ఇంటికి పోయిందెవరు? మోతీ ఒక్కడేనా?”

“యాడీ!” అని సోని అరిచింది. అమ్మా అని. “చెప్పకు యాడీ!”

ఇంజను హోరులో ఆ అరుపు అటు చేరిందో లేదో. అవతల నుంచి ముసలామె గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది. ఏడ్చి ఏడ్చి జీరపోయింది, అల్లుడి మీద అనుమానం ఇసుమంతైనా లేదు.

“వాడు యాడ పోయిండు బిడ్డా, వట్టిగ మీదేసుకున్నడు. పోయింది నేనే.”